క్యామ్ సాఫ్ట్‌వేర్: ఏ షాపుకి ఏది?

బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో లేత్ నడిపేవాళ్లూ, రాజాంలో రైసుమిల్లు సామాన్లు చేసేవాళ్లూ, శ్రీకాకుళంలో టేకు తలుపులు చెక్కే రూటర్ పెట్టినవాళ్లూ అడిగేది ఒకటే మాట: “ఏ క్యామ్ మంచిది?” క్యామ్ అంటే డ్రాయింగ్ నుంచి మిషన్ నడిచే ప్రోగ్రాం (జీకోడ్) తయారుచేసే సాఫ్ట్‌వేర్. డీలరుని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది, తను అమ్మేదే మంచిదని. నన్నడిగితే మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను. పోయిన మూడు నెలల్లో మీ మిషన్ మీద ఏమేం జాబులు పడ్డాయి? చలాన్లు తీసి వరసగా పేర్చండి. సగం జవాబు ఆ కాగితాల్లోనే దొరుకుతుంది. మిగతా సగం మీ కంట్రోలర్ (మిషన్‌ని నడిపే కంప్యూటర్) పేరులోనూ, దాని ముందు కూర్చునే మనిషిలోనూ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ బ్రోషర్‌లోని బొమ్మల్లో మాత్రం ఉండదు.

లేత్ ఒక్కటే ఉంటే

నేను చూసినంతలో మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్) అంటే ఎక్కువగా టర్నింగే, అంటే లేత్ పనే. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల పంపులకి ఎస్ఎస్ 316 (తుప్పు పట్టని స్టీలు) స్లీవులు, జూట్ మిల్లులకి రోలర్లు, బుష్‌లు, రైసుమిల్లులకి షాఫ్టులు, పుల్లీలు, పలాస జీడిపప్పు యూనిట్లకి చిన్నాచితకా స్పేర్లు. వీటిలో చాలావాటికి క్యామ్ అక్కర్లేదు. డబ్బు దండగని అనడం లేదు, నిజంగానే అవసరం లేదు. ఫానక్ కంపెనీ కంట్రోల్ మీద ఈ రెండు లైన్లు చూడండి:

జీ71 యు1.5 ఆర్0.5
జీ71 పీ10 క్యూ20 యు0.4 డబ్ల్యూ0.1 ఎఫ్0.25

కింద ఎన్10 నుంచి ఎన్20 దాకా ఫినిష్ షేప్ రాస్తే చాలు, రఫింగ్ (ముతక కోత) మొత్తం కంట్రోలే చూసుకుంటుంది. పై లైన్‌లో యు అంటే ఒక్కో పాస్‌కి లోతు, రేడియస్ లెక్కన 1.5 మిల్లీమీటర్లు. కింది లైన్‌లో యు అంటే ఫినిషింగ్ కోసం డయా మీద వదిలే మెటల్. ఆపైన జీ70తో ఫినిష్, త్రెడింగ్‌కి జీ76. అలవాటున్న ఆపరేటర్ ఒక స్టెప్ షాఫ్టుకి ఈ ప్రోగ్రాం రాయడానికి పట్టే టైములో క్యామ్‌లో స్టాక్ సైజు కూడా పెట్టుకోవడం పూర్తవదు. రేడియస్, టేపరు కలిసేచోట పాయింటు లెక్క కట్టడం కష్టమనిపిస్తే ఫ్రీక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసి కోఆర్డినేట్లు చదువుకోండి. అది ఉచితం.

ఇంకో సంగతి చాలామంది చూసుకోరు. మిషన్‌లోనే ప్రోగ్రాం రాసిపెట్టే స్క్రీన్ ఉండవచ్చు. ఫానక్‌లో మాన్యువల్ గైడ్ ఐ, సీమెన్స్‌లో షాప్‌టర్న్ అలాంటివే. కొలతలు అడుగుతుంది, నింపితే ప్రోగ్రాం వస్తుంది. మీ మిషన్‌లో ఆ ఆప్షన్ తెరిచి ఉందో లేదో మిషన్ అమ్మినవాళ్లకి ఒక్క ఫోన్ చేసి తెలుసుకోండి. లైవ్ టూలింగ్ (తిరిగే కటర్లు), సీ యాక్సిస్ (షాఫ్టుని కోణం లెక్కన తిప్పడం) ఉన్న టర్న్‌మిల్ కొంటే అప్పుడు మాట వేరు. షాఫ్టు మీద ఫ్లాట్లు, పక్క హోల్స్, క్యామ్ అనే మిషన్ భాగం ప్రొఫైళ్లు వస్తాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ కావాలి. అంతవరకూ లేత్ షాపువాళ్లు ఆ డబ్బుతో మంచి ఇన్సర్టులు, ఒక మంచి మైక్రోమీటర్ కొనుక్కోవడం మేలు.

తలుపుల రూటర్

ఇక్కడ కథ పూర్తిగా వేరు. లక్ష్మీదేవి తలుపు, పూజామందిరం, నెమలి ప్యానెల్ చేతితో రాసే జీకోడ్‌తో రావు. మన ఊళ్లలో రూటర్ పెట్టిన ప్రతిచోటా ఒకప్పుడు ఆర్ట్‌క్యామే ఉండేది, అందులో చాలావరకు క్రాక్ కాపీలే. ఆ సాఫ్ట్‌వేర్ పుట్టింది ఇంగ్లండ్‌లోని డెల్‌క్యామ్‌లో. 2014లో డెల్‌క్యామ్‌ని ఆటోడెస్క్ కొంది, 2018లో ఆర్ట్‌క్యామ్ అమ్మకం ఆపేసింది. అంటే ఇప్పుడు మీకు ఎవరైనా “కొత్త ఆర్ట్‌క్యామ్” అని పెన్‌డ్రైవ్‌లో ఇస్తే అందులో కొత్తదేమీ ఉండదు, వైరస్ తప్ప. కాపీరైట్ చట్టం 63బి ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ షాపు కాస్త పెద్దదై ఏ బిల్డర్ పేరునో బిల్లులు రాయడం మొదలయ్యాక ఈ లెక్క కూడా వేసుకోవాలి.

దాని బదులుగా రెండున్నాయి. ఆర్ట్‌క్యామ్‌కి వారసుడు కార్వెకో. మీ దగ్గర ఏళ్లుగా పోగుచేసిన ఆర్ట్‌క్యామ్ రిలీఫ్ (ఉబ్బెత్తు బొమ్మల) ఫైళ్లు గుట్టలుగా ఉంటే అవి నేరుగా తెరుచుకునేది దీంట్లోనే. అయితే దీన్ని ఎక్కువగా చందా పద్ధతిలో అమ్ముతారు, చందా కడుతున్నంతకాలమే పని చేస్తుంది. రెండోది వెక్ట్రిక్ వాళ్ల ఆస్పైర్. డెల్‌క్యామ్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లు 2005లో పెట్టిన కంపెనీ అది. ఒకసారి కొంటే మీ వెర్షన్ మీదే, ఏడాదిపాటు కొత్త అప్‌డేట్లు ఉచితం, తర్వాత కావాలంటేనే అప్‌గ్రేడ్. ఏడాదిలో పెళ్లిళ్ల, గృహప్రవేశాల సీజన్లోనే నాలుగు డబ్బులు కనిపించే షాపుకి నెలనెలా చందా కన్నా ఇదే నయమని నా అభిప్రాయం. డిజైన్లు మీరు చేయకుండా ఎస్‌టీఎల్ (త్రీడీ బొమ్మల) ఫైళ్లు కొనుక్కొని చెక్కేవాళ్లయితే అదే కంపెనీ వీకార్వ్ ప్రో చాలు. దాంట్లో ఒక ఫైల్‌కి ఒక్క త్రీడీ మోడల్ మాత్రమే తీసుకోగలరు. రెండు మోడళ్లు కలపాలన్నా, బొమ్మని మలచాలన్నా ఆస్పైర్‌కే వెళ్లాలి. వీకార్వ్ డెస్క్‌టాప్ జోలికి పోకండి, దాని జాబ్ సైజు పరిమితిలో మన తలుపు పట్టదు.

రూటర్ షాపుల్లో “ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయితే బేగి చెక్కుతాది” అనే నమ్మకం ఒకటుంది. లెక్క వేసి చూద్దాం. 600కి 400 మిల్లీమీటర్ల ప్యానెల్, కొన రేడియస్ 1 మిల్లీమీటర్ ఉన్న టేపర్ బాల్‌నోస్ కటర్, స్టెప్‌ఓవర్ (పక్కపక్క గీతల మధ్య దూరం) 0.3, ఫీడ్ (కటర్ కదిలే వేగం) నిమిషానికి 4000 మిల్లీమీటర్లు. 400ని 0.3తో భాగిస్తే 1333 లైన్లు, ఒక్కోటి 0.6 మీటర్లు. మొత్తం 800 మీటర్లు, 200 నిమిషాలు. అదే స్టెప్‌ఓవర్ 0.5 పెడితే 480 మీటర్లు, 120 నిమిషాలు. ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా ఈ దూరం ఇంతే. మరి 0.5 పెడితే గీతలు కనపడవా? రెండు గీతల మధ్య మిగిలే గట్టు ఎత్తు, స్టెప్‌ఓవర్ వర్గాన్ని ఎనిమిది రేడియస్‌లతో భాగిస్తే వస్తుంది. 0.3కి సుమారు 0.011 మిల్లీమీటర్, 0.5కి 0.031. నిటారు వాలుల దగ్గర ఇంకాస్త పెరుగుతుంది. పాలిష్‌కి ముందు టేకు మీద ఎలాగూ శాండ్‌పేపర్ పడుతుంది, ఆ తేడా అక్కడే పోతుంది. ముఖం, వేళ్లు ఉన్నచోట మాత్రం బౌండరీ గీసి 0.2 పెట్టుకోండి. ఒకే ప్యానెల్‌లో ఇలా ప్రాంతాల వారీగా పాత్ (కటర్ వెళ్లే దారి) వేయనిచ్చే సాఫ్ట్‌వేర్ అయితే చాలు. ఆస్పైర్ వేయనిస్తుంది.

టెక్కలి వైపు గ్రానైట్ మీద అక్షరాలు, బొమ్మలు చెక్కేవాళ్లకీ ఇదే మాట వర్తిస్తుంది. కాకపోతే లోతు కొద్దికొద్దిగా దింపుకోవాలి, నీళ్లు ఆగకూడదు.

వీఎంసీ వచ్చాక

వీఎంసీ అంటే నిలువు స్పిండిల్‌తో మెటల్ కోసే మిల్లింగ్ మిషన్. క్యామ్ డబ్బు తిరిగొచ్చేది ఇక్కడే. ఫ్లాంజ్‌కి పిచ్ సర్కిల్ హోల్స్, కీవే లాంటివి చేత్తో రాసుకోవచ్చు. పాకెట్ (లోతుగా తవ్వే గుంట) రాగానే తేడా తెలుస్తుంది. ఈఎన్8 స్టీలు ముక్కలో 120కి 80, లోతు 25 మిల్లీమీటర్ల పాకెట్ అనుకుందాం. తీయాల్సిన మెటల్ 240 ఘన సెంటీమీటర్లు. 16 మిల్లీమీటర్ల నాలుగు పళ్ల కార్బైడ్ ఎండ్‌మిల్, కటింగ్ స్పీడ్ నిమిషానికి 120 మీటర్లు పెడితే స్పిండిల్ 2387 ఆర్పీఎం. పన్నుకి 0.08 చొప్పున ఫీడ్ 764. పాత పద్ధతిలో 2 మిల్లీమీటర్ల లోతు, 9.6 స్టెప్‌ఓవర్ పెట్టి తిప్పితే నిమిషానికి దాదాపు 14.7 ఘన సెంటీమీటర్లు పోతాయి, అంటే పదహారు నిమిషాల పైన.

ఇప్పుడు అడాప్టివ్ పద్ధతి చూడండి. లోతు మొత్తం 25 ఒకేసారి, పక్కకి మాత్రం డయాలో పదోవంతు, 1.6. ఇంత తక్కువ పక్క కోతలో చిప్ పలచబడుతుంది. పన్నుకి 0.133 పెడితేనే అసలు మందం 0.08 వస్తుంది. ఫీడ్ 1273 అవుతుంది, నిమిషానికి 50.9 ఘన సెంటీమీటర్లు. లెక్కలో ఐదు నిమిషాల లోపే. కటర్ దిగడం, తిరిగి రావడం కలిస్తే మిషన్ మీద ఇంకాస్త ఎక్కువే పడుతుంది. అయినా తేడా ఎంత పెద్దదో తెలుస్తూనే ఉంది. పైగా కటర్ కొన ఒక్కటే కాకుండా పన్ను పొడుగంతా అరుగుతుంది కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. ఈ పాత్‌ని చేత్తో రాయడం ఎవరివల్లా కాదు.

ఇక్కడే డీలర్లు మెరుపులు చూపిస్తారు. మాస్టర్‌క్యామ్‌లో దీని పేరు డైనమిక్, సాలిడ్‌క్యామ్‌లో ఐమెషినింగ్, క్యామ్‌వర్క్స్‌లో వాల్యూమిల్, ఆటోడెస్క్ ఫ్యూజన్‌లోనూ ఫ్రీక్యాడ్‌లోనూ అడాప్టివ్. నాణ్యతలో తేడాలున్నాయి, ఐమెషినింగ్ ఫీడు, స్పీడు కూడా తనే సూచిస్తుంది. కానీ పద్ధతి ఒకటే. “మా దగ్గరే ఉంది” అనే మాట చూసి లక్షలు ఎక్కువ పెట్టకండి.

మరి ఎలా ఎంచుకోవాలి? ఒక వీఎంసీ, రెండున్నర యాక్సిస్ (ఒక్కో లోతులో సమతలంగా కోసే) పనులు, మూడు యాక్సిస్ పనులు, కొత్త షాపు అయితే ఫ్యూజన్ పెయిడ్ వెర్షన్‌తో మొదలుపెట్టమంటాను. లక్షల పెట్టుబడి ఒకేసారి పడదు, మిల్లింగ్, టర్నింగ్ రెండూ ఉన్నాయి, డ్రాయింగ్ కూడా అందులోనే. దాని ఉచిత పర్సనల్ వెర్షన్‌తో జాబ్‌వర్క్ చేద్దామనుకోకండి. లైసెన్స్ ఒప్పుకోదు. పైగా 2020 నుంచి దాంట్లో ర్యాపిడ్ (కోత లేని వేగమైన) కదలికలు ఫీడ్ వేగానికే వస్తాయి, ఆటోమేటిక్ టూల్ చేంజ్ రాయదు. ఆరు టూల్స్ జాబుకి ఆరు ప్రోగ్రాంలు. నేర్చుకోవడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

మీకు డ్రాయింగ్‌లు ఇచ్చే కంపెనీ సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇస్తే, నెలకోసారి రివిజన్ మారుస్తుంటే, సాలిడ్‌క్యామ్ గానీ క్యామ్‌వర్క్స్ గానీ చూడండి. రెండూ సాలిడ్‌వర్క్స్ లోపలే నడుస్తాయి. హోల్ మారితే పాత్ కూడా మారుతుంది. మీ దగ్గర సబ్‌స్క్రిప్షన్‌తో సాలిడ్‌వర్క్స్ ఇప్పటికే ఉంటే ముందు ఐకాన్లు వెతకండి. 2018 నుంచి దాంతోపాటు సాలిడ్‌వర్క్స్ క్యామ్ స్టాండర్డ్ వస్తోంది, క్యామ్‌వర్క్స్ ఇంజనే, రెండున్నర యాక్సిస్ దాకా. కొన్నామన్న సంగతే తెలియకుండా వదిలేసినవాళ్లు ఉన్నారు.

రకరకాల మిషన్లు, రకరకాల కంట్రోళ్లు, ఫోర్త్ యాక్సిస్ (జాబుని తిప్పే నాలుగో కదలిక) ఉండి, రోజూ ప్రోగ్రామర్ కూర్చునే షాపు అయితే మాస్టర్‌క్యామ్. ఖరీదు ఎక్కువే. కానీ అది వచ్చినవాళ్లు విశాఖ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్ బాలానగర్‌లోనూ దొరుకుతారు. మన కుర్రాళ్లు నేర్చుకున్నాక అటు వెళ్లిపోతుంటారు, ఇది మనకి తెలిసిందే. ఒకడు వెళ్తే ఇంకొకడు దొరకని సాఫ్ట్‌వేర్ కొని పెట్టుకుంటే ఆ లైసెన్స్ అటకెక్కుతుంది. ఎన్ఎక్స్, పవర్‌మిల్, హైపర్‌మిల్ గురించి ఇక్కడ ఎక్కువ రాయను. డైలు, ఐదు యాక్సిస్ పనులు ఉన్నవాళ్లకే అవి, వాళ్లకి ఈ వ్యాసం అక్కర్లేదు.

ఫ్రీక్యాడ్ మాటేమిటి? 2024 నవంబరులో 1.0 వచ్చింది, జాబ్‌వర్క్‌కి వాడుకున్నా పైసా కట్టక్కర్లేదు. ప్లేట్లకి ప్రొఫైల్, పాకెట్, డ్రిల్లింగ్ బాగానే చేస్తుంది. టర్నింగ్ లేదు, త్రీడీ సర్ఫేస్ పనికి నేను దాని మీద ఆధారపడను. ఓపికున్న కుర్రాడు షాపులో ఉంటే పెట్టి చూడండి. “మిషన్ మీద పెట్టిన అప్పే తీరలేదు బావూ, దీనికి మళ్లీ లక్షలేటి?” అనే ఓనర్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే.

అసలు గొడవ పోస్ట్ దగ్గర

ఏ క్యామ్ అయినా లోపల లెక్కలు తన భాషలో కడుతుంది. దాన్ని మీ కంట్రోలర్‌కి అర్థమయ్యే జీకోడ్‌గా మార్చేది పోస్ట్ ప్రాసెసర్ అనే చిన్న ఫైల్. టెస్ట్ పీస్ స్క్రీన్ మీద అద్భుతంగా తిరిగి, మిషన్ మీద బెంబేలెత్తించేది ఇది సరిగా లేనప్పుడే.

రూటర్ల మీద ఎక్కువగా కనిపించే ఉదాహరణ చెప్తాను. కంప్యూటర్ నుంచి రూటర్‌ని నడిపే మ్యాక్3 సాఫ్ట్‌వేర్‌లో ఆర్క్ కేంద్రాన్ని ఐ, జె అంకెలతో చెప్తారు. ఆ అంకెలు ఆర్క్ మొదలైన చోటు నుంచి దూరమా, లేక జాబ్ జీరో నుంచా అన్నది సెట్టింగ్. పోస్ట్ ఒకలా రాసి, మ్యాక్3 ఇంకోలా చదివితే 10 మిల్లీమీటర్ల మూల గుండ్రం కాస్తా స్క్రీన్ అంతా ఆక్రమించే పెద్ద పెద్ద వలయాలుగా కనపడుతుంది. స్టార్ట్ నొక్కకముందు టూల్‌పాత్ కిటికీ చూసినవాడు బతికాడు, చూడనివాడి బెడ్ మీద గాడి పడింది. చైనా రూటర్‌తో వచ్చే డీఎస్పీ పెండెంట్‌కి (చేతిలో పట్టుకునే కంట్రోలర్) టూల్ చేంజర్ ఉండదు, ప్రోగ్రాంలో ఎం06 (టూల్ మార్చమనే కోడ్) వస్తే దాని ప్రవర్తన మోడల్‌ని బట్టి మారుతుంది. వీఎంసీలో అయితే జీ43తో హెచ్ నంబరు (టూల్ పొడవు) సరిగా వస్తోందా, టూల్ మార్చేముందు జడ్ పైకి వెళ్తోందా, జీ54 (జాబ్ జీరో) ఉందా, ఫోర్త్ యాక్సిస్ ఏ వైపు తిరుగుతోంది, ఇవి ప్రింట్ తీసి లైన్ లైన్‌గా చదవాల్సిన విషయాలు.

ఫ్యూజన్‌లో పోస్టులు తెరిచిన ఫైళ్లే, జావాస్క్రిప్ట్ చదవగలిగే కుర్రాడు ఉంటే మీరే మార్చుకోవచ్చు. మాస్టర్‌క్యామ్, సాలిడ్‌క్యామ్ పోస్టులు మామూలుగా డీలరే సరిచేసి ఇస్తాడు. కొనేటప్పుడు “మీ ఫానక్‌కి పోస్ట్ ఉంది సార్” అంటాడు. ఫానక్ ఎన్నో రకాలు. మీ మిషన్ మోడల్, కంట్రోల్ సిరీస్ కొటేషన్ మీద రాయించుకోండి. మీ మిషన్ మీద మీ జాబ్ తిరిగి పాస్ అయ్యాకే చివరి విడత డబ్బు అని కూడా రాయించండి. ఈ ఒక్క షరతు పెట్టగానే కొందరు డీలర్ల గొంతు మారుతుంది. అలాంటివాళ్ల దగ్గర కొనకండి.

పాత మిషన్ అయితే మెమరీ కూడా చూడాలి. ఫానక్ పాత లెక్కలో మెమరీని కాగితం టేపు మీటర్లలో చెప్తారు. 640 మీటర్లంటే 256 కేబీ. త్రీడీ ఫినిషింగ్ ప్రోగ్రాం దాన్ని సులువుగా దాటేస్తుంది. అప్పుడు సీరియల్ కేబుల్ మీద 9600 వేగంతో కొద్దికొద్దిగా పంపిస్తూ నడుపుతారు. సెకనుకి దాదాపు 960 అక్షరాలు, లైన్‌కి 20 అక్షరాలు అనుకుంటే 48 లైన్లు. పాయింట్ల మధ్య దూరం 0.1 మిల్లీమీటర్ అయితే ఫీడ్ నిమిషానికి 290 దాటదు, మీరు ప్రోగ్రాంలో 2000 అని రాసినా సరే. మిషన్ కునుకు తీస్తూ నడిచినట్టు ఉంటుంది, ఫినిష్ మీద చుక్కలు పడతాయి. సీఎఫ్ కార్డు స్లాట్ ఉంటే దాన్నుంచి నడపండి. క్యామ్‌లో ఆర్క్ ఫిల్టర్, స్మూతింగ్ ఆన్ చేస్తే ఫైల్ బాగా చిక్కుతుంది. డెమోలో డీలర్‌ని ఈ ఆప్షన్ చూపించమనండి.

నెట్, కరెంటు

ఉద్దానం వైపు ఉన్నవాళ్లకి 2018 అక్టోబరు తిత్లీ తుపాను గుర్తుండే ఉంటుంది, కరెంటు రావడానికి రోజులు పట్టింది. జనరేటర్‌తో మిషన్ నడిపినా టవర్లు లేవు. ఫ్యూజన్ క్లౌడ్ మీద ఆధారపడేది. నెట్ లేకుండా రెండు వారాల దాకా నెట్టుకొస్తుంది, కానీ ముందే ఆఫ్‌లైన్‌లోకి తెచ్చుకున్న ఫైళ్లే తెరుచుకుంటాయి. ఆస్పైర్‌కి, ఫ్రీక్యాడ్‌కి ఈ బెంగ లేదు. తీరంలో ఉన్నవాళ్లు దేన్ని ఎంచుకున్నా జీకోడ్ ఫైళ్లు పేరు, తేదీ, రివిజన్‌తో ఒక పెన్‌డ్రైవ్‌లో విడిగా ఉంచండి.

ట్రయల్ ఎలా వాడాలి

ఫ్యూజన్ ట్రయల్ 30 రోజులు. జాబ్, మెటీరియల్, కటర్ మూడూ చేతిలోకి వచ్చాకే దాన్ని మొదలుపెట్టండి, లేదంటే వీడియోలు చూడటంతోనే గడువైపోతుంది. ఆస్పైర్ ట్రయల్‌కి గడువు లేదు, కానీ మీ సొంత డిజైన్‌కి జీకోడ్ సేవ్ చేయనివ్వదు, వాళ్లిచ్చిన శాంపిళ్లకే ఇస్తుంది. ఆ శాంపిల్‌నే మీ రూటర్ మీద తిప్పి పోస్ట్ సరిపోయిందో చూసుకోండి, కొనడానికి ముందు తెలియాల్సింది అదే. మాస్టర్‌క్యామ్ లెర్నింగ్ ఎడిషన్ కోడ్ ఇవ్వదు, స్క్రీన్ మీద నేర్చుకోవడానికే.

ట్రయల్‌లో డీలర్ తెచ్చిన ముక్క చేయించకండి, మీకు తలనొప్పి తెచ్చిన జాబ్ ఇవ్వండి. గడియారం పెట్టుకుని రెండు టైములు రాయండి: డ్రాయింగ్ నుంచి ప్రోగ్రాం చేతికి రావడానికి ఎంత, మిషన్ మీద ఎంత. నెలకి రెండొందలు చేసే ఒకే ముక్క అయితే రెండో అంకె ముఖ్యం. మన దగ్గర ఎక్కువగా వచ్చే ఒకటీ రెండూ ముక్కల మెయింటెనెన్స్ జాబులకి మొదటి అంకె ముఖ్యం. అందులో వెనకబడ్డ సాఫ్ట్‌వేర్ ఎంత గొప్పదైనా మీకు కాదు. మీరు కాదు, రేపు కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడే ఆ ట్రయల్ చేయాలి.

బిల్లు షాపు పేరు మీద, జీఎస్టీ నంబరుతో తీసుకోండి. సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం పడుతుంది, రిజిస్ట్రేషన్ ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. ఏటా కట్టే మెయింటెనెన్స్ ఎంత, కట్టకపోతే సాఫ్ట్‌వేర్ ఆగిపోతుందా, ఉన్న వెర్షన్‌తో నడుస్తుందా, పోస్ట్‌లో మార్పు కావాలంటే మళ్లీ డబ్బు అడుగుతారా, ఈ మూడూ అదే కొటేషన్‌లో రాతపూర్వకంగా ఉండాలి.